ఒక నిమిషం, ఎనిమిది మీటర్లు

2020 డిసెంబర్ 23. నేలలో పాతిన సిమెంటు స్తంభం ముందు ఒక అమ్మాయి నిలబడింది. వయసు ఇరవై. స్తంభం 8 మీటర్లు. ఒక నిమిషంలో పైకి చేరాలి. చేరితే ఉద్యోగం దిశగా ఒక మెట్టు ఎక్కినట్టు, చేరకపోతే రెండేళ్ల ఐటీఐ చదువూ, ఏడాదికి పైగా నడిచిన కోర్టు పోరాటమూ అక్కడితో సరి.

సిమెంటు స్తంభం ఎక్కడమంటే ఏమిటో కింద నిలబడి చూస్తే తెలియదు. అది గుండ్రంగా ఉండదు, పలకలుగా ఉంటుంది. కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. పట్టుకోవడానికి కొమ్మ లేదు, కాలు ఆనించడానికి కణుపు లేదు. రెండు చేతులూ అవతలి పలకకు వేసి ఒళ్లు కాస్త వెనక్కి వాల్చాలి. పాదాలు ఇవతలి పలకకు అదిమి పెట్టాలి. చేతులు లాగాలి, కాళ్లు నెట్టాలి, రెండూ ఒకేసారి జరగాలి. సిమెంటు అంచు ముంజేతికి రాసుకుంటుంది. అలవాటు లేనివాళ్లకు సగం ఎత్తులోనే వేళ్లు వణకడం మొదలవుతుంది. అక్కడ ఆగి కిందికి చూసినవాళ్లలో చాలామంది మళ్లీ కదలలేరు. తాటిచెట్టు ఎక్కే గౌడన్నకు నడుముకు మోకు ఉంటుంది, ముత్తాదు ఉంటుంది. చెట్టుకు గరుకు ఉంటుంది. కరెంటు స్తంభం నున్నగా, చల్లగా, ఏ సాయమూ చేయకుండా నిలబడి ఉంటుంది.

ఆ అమ్మాయి ఎక్కింది. పేరు బబ్బూరి శిరీష, సిద్దిపేట జిల్లా. ఆ పరీక్ష నెగ్గిన రెండో మహిళ వి. భారతి, మహబూబాబాద్ జిల్లా.

మరునాడు పేపర్లలో ఫొటోలు వచ్చాయి. ఉద్యోగం మాత్రం రాలేదు. ఆ సంగతికి తర్వాత వద్దాం. ముందు వీళ్లు ఆ స్తంభం దాకా ఎలా వచ్చారో చూడాలి.

2019 సెప్టెంబర్ చివర్లో దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ 2500 జూనియర్ లైన్‌మన్ పోస్టులకు నోటిఫికేషన్ వేసింది. పదో తరగతి పాసై, ఎలక్ట్రికల్ ట్రేడులో ఐటీఐ గానీ ఇంటర్ ఒకేషనల్ గానీ చేసి ఉండాలి. ఇంత మామూలు అర్హత గల సర్కారు మార్కు కొలువు పడితే పల్లెల్లో ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. ఐటీఐలో వైండింగ్ నేర్చి, ఆపై ఏం చేయాలో తెలియక మోటారు మెకానిక్ షాపుల్లో కూర్చున్న పోరగాళ్లంతా ఒక్కసారి లేచారు. అదే బెంచీల మీద అదే పాఠం చదివిన ఆడపిల్లలూ లేచారు. అయితే ఆ నోటిఫికేషన్‌లో వాళ్లకు చోటు లేదు. జూనియర్ లైన్‌మన్ పోస్టులు మగవాళ్లకే.

కొందరు మహిళలు హైకోర్టుకు వెళ్లారు. దరఖాస్తు తీసుకోమని, పరీక్ష రాయనివ్వమని కోర్టు చెప్పింది. ఆ ఏడాది డిసెంబర్‌లో పరీక్ష రాశారు. రాత పరీక్ష గట్టెక్కాక మళ్లీ అడ్డు. స్తంభం ఎక్కే పరీక్షకు మగవాళ్లకు పిలుపు వచ్చింది, వీళ్లకు రాలేదు. మళ్లీ కోర్టు. 2020 డిసెంబర్ మొదట్లో ధర్మాసనం వీళ్లకూ పరీక్ష పెట్టాల్సిందేనని చెబితే, ఆ నెల 23న స్తంభం ముందుకు పిలిచారు. అంటే ఒక నిమిషం పరీక్షకు ముందు ఏడాది కాలం ‘మమ్మల్ని కూడా పరీక్షించండి’ అని అడగడంలోనే గడిచింది.

ఆడవాళ్లను ఎందుకు వద్దన్నారన్న దానికి ఈ రంగంలో అందరూ చెప్పే జవాబు ఒకటే. స్తంభం ఎక్కాలి, అర్ధరాత్రి పోవాలి, వానలో తడవాలి. ఈ మూడింటినీ నెక్కొండ వైపు ఏ ఊళ్లోనైనా ఆడవాళ్ల ముందు చెప్పి చూడండి. మోకాలి లోతు బురదలో నడుం వంచి పొద్దంతా నాట్లు వేసి వచ్చిన మనిషికి వాన గురించి మనం కొత్తగా చెప్పేదేముంది? వ్యవసాయానికి కరెంటు వంతులవారీగా, అదీ రాత్రుళ్లు వచ్చిన రోజుల్లో, మగమనిషి మంచాన పడితే బ్యాటరీ లైటు పట్టుకుని బాయి కాడికి పోయి మోటారు పెట్టి వచ్చింది ఎవరు? 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక ఆ రాత్రి నడకలు తగ్గాయి గానీ, అంతకుముందు చీకట్లో షాకు కొట్టి, పాము కరిచి పోయినవాళ్ల కథలు లేని ఊరు ఈ చుట్టుపక్కల దొరకదు.

ఇంతకీ నెక్కొండ ఎందుకంటే, వరంగల్ నుంచి విజయవాడ వైపు రైలెక్కితే వచ్చే స్టేషన్ అది. నెక్కొండ, ఆపై ఇంటికన్నె, కేసముద్రం, మహబూబాబాద్. భారతి జిల్లా పట్టాల వెంట నాలుగడుగులు. పత్తి, మిర్చి, మక్క, వరి పండే నేల. బావులూ బోర్లూ ఎక్కువ, కాబట్టి మోటార్లు ఎక్కువ, కాబట్టి చేలల్లోకి పాకిపోయిన 11 కేవీ లైన్లు ఎక్కువ. పట్టాల మీది 25 వేల వోల్టుల తీగ రైల్వేవాళ్లది, దాని జోలికి వీళ్లు పోరు. చేలల్లో తిరిగే తీగ ఉత్తర తెలంగాణ సంస్థది. పాత విద్యుత్ బోర్డు విడిపోయాక 2000 ఏప్రిల్ నుంచి వరంగల్, కరీంనగర్, ఖమ్మం, నిజామాబాద్, ఆదిలాబాద్ ఉమ్మడి జిల్లాలను చూసుకుంటున్నది ఇదే. అప్పుడు దాని పేరు ముందు ఏపీ ఉండేది, తర్వాత టీఎస్, 2024 నుంచి టీజీ. స్తంభాలు అవే, తీగలు అవే, పేరు మాత్రం రెండుసార్లు మారింది. శిరీష, భారతి కొట్లాడింది హైదరాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ సంస్థ నోటిఫికేషన్ మీద. కానీ పక్క కంపెనీలో నోటిఫికేషన్ పడినా దరఖాస్తు పెట్టుకోవడం ఇక్కడి పిల్లలకు మామూలే.

ఇప్పుడు అసలు విషయం. స్తంభం ఎక్కగలిగినవాళ్లు లైన్ పని చేయగలరా?

కింద రాసేది ఫలానా తేదీన ఫలానా వారికి జరిగిందని కాదు. కొత్తగా చేరిన జూనియర్ లైన్‌మన్‌కు (జేఎల్‌ఎం) మొదటి వానాకాలంలో సీనియర్ వెనక బండి మీద కూర్చుని తిరిగేటప్పుడు ఎదురయ్యే పాఠం ఇది. అందుకే పేర్లు పెట్టలేదు. నెక్కొండ చేలల్లో జరిగినట్టు ఊహించుకోండి.

సాయంత్రం గాలిదుమారం లేచింది. వ్యవసాయ ఫీడర్ ట్రిప్ అయింది. లైన్ ఇన్‌స్పెక్టర్, కొత్తగా చేరిన అమ్మాయి, ఒక హెల్పర్ కలిసి రెండు బండ్ల మీద బయలుదేరారు. పత్తి చేల గట్ల వెంట, ఒక్కో పోలు కింద ఆగి, తలెత్తి చూసుకుంటూ పోతున్నారు. తీగ మీద కొమ్మ పడిందా, రెండు తీగలు ఒకదానికొకటి చుట్టుకున్నాయా, జంపర్ తెగిందా, ఇన్సులేటర్ పగిలిందా? లైన్ పనిలో ఎక్కువ భాగం ఇలా మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూ నడవడమే. సినిమాల్లో ఇది ఎవరూ చూపించరు.

పిల్లే ముందు కనిపెట్టింది.

“సార్, గా మూల మీది పోలు చూడుండ్రి. పిన్ను పలిగింది. తీగ క్రాస్ ఆర్మ్ మీద పడ్డది. ఎక్కుదునా?”

“ఆగు బిడ్డా. ఎల్‌సీ అయిందా?”

“లైన్ ట్రిప్ అయ్యే ఉన్నది గద సార్.”

“ట్రిప్ అయిన లైన్ వేరు, బంద్ చేసిన లైన్ వేరు. ట్రిప్ అయితే సబ్‌స్టేషన్ల ఆపరేటర్ ఏం చేస్తడు? కొంచెం సేపు చూసి మళ్ల చార్జి చేస్తడు, నిలబడుతదేమోనని. గప్పుడు నువ్వు మీద ఉంటే?”

అమ్మాయి మాట్లాడలేదు. బ్యాగులోంచి పుస్తకం, పెన్ను తీసింది.

ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. ఈ పనిలో మొదటి మాటా అదే, చివరి మాటా అదే. పని చేయబోయే మనిషి సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఫీడర్ పేరు చెప్పి లైన్ ఆపమని అడగాలి. అక్కడ ఆపరేటర్ బ్రేకర్ ఆపి, స్విచ్‌లు తెరిచి, మనుషులు పని చేస్తున్నారని బోర్డు తగిలించి, రిజిస్టర్‌లో రాసుకుని ఒక నంబర్ ఇస్తాడు. ఆ నంబర్ ఇటు పుస్తకంలోకి ఎక్కుతుంది. ఇటువాళ్లు చదివి వినిపించాలి, అటువాళ్లు ఔననాలి. ఇదంతా చాదస్తంగా కనిపిస్తుంది. కానీ సబ్‌స్టేషన్ నుంచి రెండు మూడు ఫీడర్లు బయలుదేరి, ఊళ్ల పేర్లతోనే పిలవబడుతూ, కొన్ని చోట్ల ఒకే స్తంభం మీద పైనొకటి కిందొకటి పోతుంటాయి. ఒక పేరుకు ఇంకో పేరు వినిపిస్తే చాలు. ఆగిన లైన్ ఒకటి, ఎక్కిన లైన్ ఇంకొకటి అవుతుంది. రెండు లైన్లు ఒకే పోలు మీద ఉంటే రెండింటికీ ఎల్‌సీ తీసుకోవాలి. ‘మనం కిందిదే ముట్టుకుంటాం గద’ అన్న మాట ఈ పనిలో చెల్లదు.

నంబర్ వచ్చింది. అమ్మాయి రాసుకుంది. స్తంభం వైపు అడుగేసింది.

“ఇంగో పని ఉన్నది. రాడ్లు తియ్యి.”

ఆపిన తీగలో కరెంటు లేదని నమ్మడానికి వీల్లేదు. పక్కనే నడుస్తున్న లైన్ వల్ల ఆగిన తీగలోనూ వోల్టేజీ పుడుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఊళ్లోనే ఉంది. రైస్ మిల్లులోనో ఫంక్షన్ హాలులోనో కరెంటు పోగానే జనరేటర్ వేస్తారు. మధ్యలో స్విచ్ సరిగా లేకపోతే ఆ 240 వోల్టులు వెనక్కి నడిచి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి దూరుతాయి. మామూలుగా 11 వేల వోల్టులను ఇంటి కరెంటుగా దించే ఆ పెట్టె, వెనక నుంచి తోస్తే ఇంటి కరెంటును 11 వేలకు పెంచుతుంది. సబ్‌స్టేషన్ ఆగే ఉంటుంది. బ్రేకర్ తెరిచే ఉంటుంది. తీగ మాత్రం బతికే ఉంటుంది. 11 కేవీ లైన్‌లో ఒక తీగకూ నేలకూ మధ్య దాదాపు 6,350 వోల్టులు. గుండె లయ తప్పడానికి ఒక ఆంపియర్‌లో పదో వంతు కరెంటు చాలు. చేయి ముట్టుకోనక్కర్లేదు, మరీ దగ్గరికి పోయినా గాలిలోంచే దూకుతుంది.

అందుకే డిశ్చార్జ్ రాడ్లు. పొడవాటి కర్ర చివర కొక్కెం, దానికి లావాటి రాగి తీగ, ఆ తీగ అవతలి కొసకు భూమిలో దిగేసే ఇనుప చువ్వ. లైన్ ఇన్‌స్పెక్టర్ తడి నేల చూసి చువ్వ దిగ్గొట్టాడు. ఊపి చూశాడు. ఇంకో రెండు దెబ్బలు వేశాడు. అప్పుడు గానీ కర్ర అమ్మాయి చేతికి ఇవ్వలేదు.

“ముందు ఏది?”

“భూమి సార్. తర్వాత తీగ.”

“తీసేటప్పుడు?”

“ముందు తీగ. తర్వాత భూమి.”

“తిరగేసి చేస్తే?”

“తీగల ఉన్నది నా చేతికెంచి పోతది.”

ఒక్కో తీగకు కొక్కెం తగిలించింది. మూడు తీగలకూ. పని జరిగే చోటుకు అటు ఒకసారి, ఇటు ఒకసారి. కరెంటు ఎటు నుంచి వచ్చినా మనిషి దాకా రాకముందే నేలలో దిగిపోవాలని. ఇదంతా అయ్యేసరికి పావుగంట పట్టింది. ఈలోగా లైన్ ఇన్‌స్పెక్టర్ ఫోను ఐదారుసార్లు మోగింది. ‘కరెంటు ఎప్పుడొస్తది సారూ?’ ఒక రైతు. ‘ఇంగెంతసేపు?’ ఇంకో రైతు. అతనే మళ్లీ. ఆయన చివరికి ఫోను బండి డిక్కీలో పెట్టి మూసేశాడు. ఆ రోజు ఆయన నేర్పిన పాఠాల్లో అది చిన్నదేం కాదు.

హెల్మెట్, చేతి తొడుగులు, నడుముకు బెల్టు. అమ్మాయి పైకెక్కింది. హెల్పర్ తాడుకు కట్టి కొత్త ఇన్సులేటర్ పంపాడు. పగిలినదాని నట్టు తుప్పు పట్టి రానంది. స్పానరు రెండుసార్లు జారింది. కొత్తది బిగించి, తీగను దాని గాడిలో కూర్చోబెట్టి, అల్యూమినియం బైండింగ్ తీగ చుట్టింది. చుట్టడంలో బిగువు తగ్గితే గాలికి ఊగి ఊగి తీగ అక్కడే తెగుతుంది. మరీ బిగిస్తే కోసుకుపోతుంది. ఆ బిగువు ఎంతో పుస్తకంలో రాసి ఉండదు. మొదటి రెండు మూడు చుట్లు విప్పించి మళ్లీ చుట్టిస్తేనే చేతికి తెలుస్తుంది. కిందినుంచి లైన్ ఇన్‌స్పెక్టర్ అదే చేయించాడు.

దిగింది. కొక్కేలు తీసింది, భూమి తీగ చివర. పనిముట్లు లెక్కపెట్టారు. మనుషుల్ని లెక్కపెట్టారు. లైన్ ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసి ఆమె చేతికిచ్చాడు.

“ఎల్‌సీ తీసుకున్నది నువ్వు. వాపసు ఇచ్చేదీ నువ్వే. నేను జెప్పినా ఆపరేటర్ వినొద్దు, ఇంగెవ్వలు జెప్పినా వినొద్దు.”

ఈ నియమం వెనక ఎన్ని చావులున్నాయో ఈ వృత్తి చరిత్ర చూస్తే తెలుస్తుంది. ఒకరు లైన్ ఆపించి, ఇంకొకరు ‘అయిపోయింది, చార్జి చెయ్యి’ అన్న సందర్భాలు. పైన ఒకడు ఇంకా ఉన్నాడని కిందివాడికి తెలియని సందర్భాలు. అమెరికాలో 1891లో సెయింట్ లూయీ నగరంలో కరెంటు కార్మికులు పెట్టుకున్న సంఘానికి మొదటి అధ్యక్షుడు హెన్రీ మిల్లర్. ఆయనా లైన్‌మనే. ఊరూరా తిరిగి సంఘం కట్టాడు, అప్రెంటిస్‌లకు సరైన శిక్షణ కావాలని కొట్లాడాడు. 1896లో వాషింగ్టన్‌లో లైన్ మీద పని చేస్తూ షాకు తగిలి పడిపోయి చనిపోయాడు. ఆ దేశంలో ఇప్పుడు లైన్ పని నేర్చుకునేవాళ్లకు దాదాపు నాలుగేళ్ల అప్రెంటిస్‌షిప్, 7000 గంటల వరకు సీనియర్ల కింద పని. అక్కడ చెక్క స్తంభాలు, బూటుకు ఇనుప ముల్లు కట్టుకుని ఎక్కుతారు. అందుకే ఎక్కడం నేర్పడానికి ప్రత్యేకంగా బడులు ఉన్నాయి. మన సిమెంటు స్తంభానికి ముల్లు పనికిరాదు. మన దగ్గర ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ కోర్సు మోటార్లు, వైరింగ్, మీటర్లు, ఎర్తింగ్ గురించి చాలా చెబుతుంది, లైన్ గురించి కొంత. మిగతా బడి అంతా సీనియర్ బండి వెనక సీటే. ఆ సీనియర్ మంచివాడైతే పిల్ల బతుకుతుంది. ‘ఇదంతా ఎందుకు, రెండు నిమిషాల పని’ అనేవాడైతే ఆమె అదృష్టం.

ఇక్కడే నాకు ఆ ఒక నిమిషం పరీక్ష మీద అనుమానం. స్తంభం ఎక్కగలగాలి, కాదనను. ఎక్కలేనివాళ్లకు ఈ పని రాదు. కానీ గడియారం పెట్టి కొలిచేది తొందరను. ఈ పనిలో మనిషిని చంపేదీ తొందరే. ఎల్‌సీ కోసం ఆగడం, రాడ్లు వేయడం, ఫీడర్ పేరు రెండుసార్లు చెప్పించుకోవడం, ఫోను మోగుతున్నా ఎత్తకపోవడం, వీటికి మార్కులు లేవు. ఎనిమిది మీటర్ల స్తంభాన్ని చూపించి ఆడవాళ్లను వద్దన్న వాదన పనిలో అతి చిన్న భాగాన్ని పట్టుకుని మిగతాదంతా మరిచిపోయింది. పోనీ ఆ చిన్న భాగం కూడా వాళ్లు చేయగలరని 2020 డిసెంబర్‌లో తేలిపోయింది. నిజానికి అంతకుముందే తేలింది. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో ఉషా జగదాళే అనే విద్యుత్ ఉద్యోగి స్తంభం ఎక్కి పని చేస్తున్న వీడియో అదే ఏడాది లాక్‌డౌన్ కాలంలో దేశమంతా చూసింది. ఖోఖో క్రీడాకారిణి ఆమె. శిరీష విషయంలో ‘దేశంలోనే మొదటిసారి’ అని కొందరు రాశారు గానీ, ఆ గొప్ప తెలంగాణ వరకు ఉంచుకుంటే చాలు.

లైన్ పనిలో ఇంకో ముఖం 2024లో ఈ ప్రాంతమే చూసింది. ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో కురిసిన వానకు ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. కాజీపేట, విజయవాడ మధ్య రైళ్లు రోజుల తరబడి ఆగాయి. నెక్కొండ మండలం వెంకటాపురం దగ్గర ఒక ఆర్టీసీ బస్సు వరదలో చిక్కుకుని, ప్రయాణికులు రాత్రంతా అందులోనే బిక్కుబిక్కుమంటూ గడిపారు. అలాంటి రాత్రి లైన్ సిబ్బంది మొదటి పని కరెంటు ఇవ్వడం కాదు, ఆపడం. వంగిన స్తంభం నుంచి తీగ నీళ్లలో పడితే ఆ నీళ్లలో దిగిన మనిషీ, గొడ్డూ, ఎవరూ మిగలరు. ఏ ఫీడర్ ఏ వాగు దాటుతుందో, ఏ ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎంత ఎత్తులో ఉందో తెలిసినవాళ్లే ఏది ముందు ఆపాలో చెప్పగలరు. నీళ్లు తీశాక మళ్లీ మొదలు. పోలు పోలుకూ నడిచి, పడినవి లెక్కపెట్టి, బురదలో గుంత తీసి కొత్తది పాతి, తీగ లాగి, ఒక్కో ఊరికీ వెలుతురు తేవడం. చేను తెలిసినవాళ్లకు, ఊరు తెలిసినవాళ్లకు ఇందులో ఉన్న విలువ ఏ రాత పరీక్షలోనూ కనిపించదు. ఆ రకంగా చూస్తే నెక్కొండ చుట్టుపక్కల పత్తి చేలల్లో పెరిగిన ఆడపిల్ల ఈ ఉద్యోగానికి సగం శిక్షణ పొందే వస్తుంది.

శిరీష కథకు మిగిలిన ముక్క. స్తంభం ఎక్కడానికి ఆమెకు ఒక నిమిషం ఇచ్చారు. నియామక పత్రం చేతికి రావడానికి దాదాపు 17 నెలలు పట్టింది. 2022 మే 11న అప్పటి విద్యుత్ శాఖ మంత్రి జగదీశ్‌రెడ్డి చేతుల మీదుగా అందుకుంది. ఆ రోజు ఫొటోలో అందరూ నవ్వుతున్నారు. కొత్త జేఎల్‌ఎం ముందు ఉన్న మెట్లు మాత్రం అందరికీ ఒకటే. జూనియర్ లైన్‌మన్, అసిస్టెంట్ లైన్‌మన్, లైన్‌మన్, లైన్ ఇన్‌స్పెక్టర్. ఒక్కో మెట్టుకూ ఏళ్లు పడతాయి.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2021 నుంచి ఏటా మార్చి 4న లైన్‌మన్ దివస్ జరుపుతోంది. సన్మానాలు మంచివే. ఆ పేరు తెలియని ఊళ్లలో మాత్రం శిక్షణ లేనివాళ్లు స్తంభాలు ఎక్కుతూనే ఉన్నారు. ఊరికొక పోరగాడు ఉంటాడు, కరెంటు పని వచ్చినవాడని పేరు. ఐటీఐ ఉండదు, ఎల్‌సీ ఉండదు, చేతి తొడుగు ఉండదు. ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఫీజు పోతే రైతులు వాణ్నే పిలుస్తారు, ఎందుకంటే లైన్‌మన్ ఇంకో ఊళ్లో ఉంటాడు, నారుమడి ఎండిపోతుంటుంది. వాడు స్విచ్ దించి గద్దె ఎక్కుతాడు. స్విచ్‌లో ఒక బ్లేడు సరిగా ఊడకపోతే ఒక తీగలో కరెంటు ఉండిపోతుందని వాడికి చెప్పిన సీనియర్ లేడు. చాలాసార్లు బతికి వస్తాడు. ఆ చాలాసార్లే వాడి ధైర్యం. రైతులే ఎక్కడం కూడా తక్కువేం కాదు. శిక్షణ పొందిన ఆడపిల్లకు స్తంభం ప్రమాదమని ఏడాదికి పైగా కోర్టుల చుట్టూ తిప్పిన సమాజమే, ఏ శిక్షణా లేని పోరగాణ్ని ‘ఏం గాదు, ఎక్కురా’ అని పంపుతుంది. నాకు ఇందులో మింగుడుపడనిది అదే.

కాబట్టి నెక్కొండ రైతులకైనా, ఇంకెక్కడి రైతులకైనా ఒకటే విన్నపం. ఫీజు పోయినా, తీగ తెగినా మీరు ఎక్కకండి, ఊరి పోరగాణ్ని ఎక్కించకండి. 1912కు ఫోన్ చేయండి. జనరేటర్ ఉన్న మిల్లువాళ్లు, హాలువాళ్లు చేంజోవర్ స్విచ్ సరిగా ఉందో లేదో ఈ వారమే చూపించుకోండి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు అడిగిన ఆడపిల్లను కుట్టు మిషన్ వైపు తిప్పకండి. లైన్‌మన్ వచ్చి పని మొదలుపెట్టాక, మోటారు ఎంత అవసరమైనా, ఆ పని అయ్యేదాకా ‘ఇంగెంతసేపు’ అని మాత్రం ఫోన్ చేయకండి.